పడవ ట్రైలర్ నొగ బరువు తూచే స్కేలు: ఏడాది వాడాక

పడవ ఇంటికొచ్చిన రోజు నేను చేసిన మొదటి ఘనకార్యం, ట్రైలర్ ముందు కొసని రెండు చేతులతో పైకెత్తి మా బావమరిదికి చూపించడం. "చూశావురా, పదిహేడడుగుల పడవ, చేత్తో లేపేస్తున్నా" అని మురిసిపోయాను. వాడు ఫోటో తీశాడు. ఆ ఫోటో ఇంకా ఫోన్లో ఉంది. అందులో నేను పళ్ళు ఇకిలిస్తూ ఎత్తిపట్టుకున్నది పడవ గొప్పతనాన్ని కాదు, దానికున్న రోగాన్ని. అది తెలియడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

ఆ రోగాన్ని అంకెల్లో చూపించిన వస్తువు గురించే ఈ రివ్యూ. ట్రైలర్ ముందు కొస, అంటే నొగ, కారు మీద ఎంత బరువు మోపుతోందో చెబుతుంది. ట్రైలర్ టంగ్ వెయిట్ స్కేల్ అని వెతికితే దొరుకుతుంది. అరచేతిలో పట్టేంత ఇనుప దిమ్మ, పక్కన గడియారంలాంటి డయల్, అంతే. నూట యాభై డాలర్ల లోపే అయింది. కంపెనీ పేరు రాయడం లేదు. నాకు వచ్చిన దాంట్లో ఒక తేడా ఉంది, దాని గురించి కింద రాస్తాను. ఒక్క పీసు చూసి కంపెనీ మొత్తాన్ని అనడం నాకిష్టం లేదు. ఇదే డిజైన్‌లో వేరేవాళ్ళవి కూడా దొరుకుతాయి కాబట్టి మీకొచ్చిన ఇబ్బందేమీ లేదు.

మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. పోయినేడు వసంతంలో ఒక పాత అల్యూమినియం ఫిషింగ్ బోటు కొన్నాను. వెనక 90 హార్స్‌పవర్ మోటారు, కింద ఒకే ఇరుసున్న ట్రైలర్. లాగేది మా హైలాండర్ కారు. 5000 పౌండ్ల దాకా లాగుతుందని మాన్యువల్‌లో ఉంది. నాది అన్నీ కలిపి అందులో సగమే. సగమే కదా, ఇంక టెన్షన్ ఎందుకు అనుకున్నాను. రెండుసార్లు లూయిస్‌విల్ లేక్‌కి వెళ్ళొచ్చాం. ఊళ్ళో రోడ్లు, నలభై మైళ్ళ స్పీడు, ఏ గొడవా లేదు.

మూడోసారి టెక్సోమా లేక్‌కి బయల్దేరాం. టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులో రెడ్ రివర్ మీద కట్టిన డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళవి. స్ట్రైప్డ్ బాస్ చేపకి పేరున్న చోటు. రోజంతా ఉండాలని పడవలో వెనక వైపు సామాను సర్దాం. బిర్యానీ, పెరుగన్నం, ఐసు ఉన్న పెద్ద కూలరు ఒకటి, నలభై సీసాల నీళ్ళ కేసులు రెండు, లంగరు. ఆ నీళ్ళ కేసు ఒక్కోటీ నలభై నాలుగు పౌండ్లుంటుందని అప్పుడు ఎవరు లెక్కపెట్టారు? వెనక చోటుంది, పెట్టాం.

మెకిన్నీ దాటాక 75 హైవే మీద ఒక పల్లం దిగుతున్నాం. 62 మైళ్ళ స్పీడులో ఉన్నాను. పక్కనించి పద్దెనిమిది చక్రాల ట్రక్కు ఒకటి దాటింది. దాని గాలి తగలగానే కారు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని ఎడమకి లాగినట్టయింది. తర్వాత కుడికి. మళ్ళీ ఎడమకి, ఈసారి ఇంకా గట్టిగా. అద్దంలో చూస్తే పడవ మూతి ఒక పక్కన, మోటారు ఇంకో పక్కన కనిపిస్తున్నాయి. చేప తోక ఆడించినట్టే. వెనక సీట్లో పిల్లలు సరదాగా కేకలేస్తున్నారు. మా ఆవిడ మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే అది మామూలు విషయం కాదు.

బ్రేక్ తొక్కాలనే నాకు అనిపించింది. కానీ భయంతో కాలు వణికి యాక్సిలరేటర్ మీంచి జారిపోయింది, బ్రేక్ మీదికి వెళ్ళలేదు. నా తెలివి కాదు, ఆ వణుకే కాపాడింది. ఊగే ట్రైలర్ ఉన్నప్పుడు గట్టిగా బ్రేక్ వేస్తే ముందు కారు ఆగుతుంది, వెనకున్న బరువు దాన్ని తోస్తుంది, ఊపు రెట్టింపవుతుంది. స్టీరింగ్ ఎదురు తిప్పినా అంతే. స్టీరింగ్‌ని తిప్పకుండా నేరుగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, స్పీడు దానంతట అది పడేదాకా ఊరుకోవాలి. యాభైకి వచ్చాక ఊగడం ఆగింది. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, సర్వీస్ రోడ్డు మీద నలభైలో ఇంటికొచ్చేశాం. బిర్యానీ గరాజ్‌లో కుర్చీలేసుకుని తిన్నాం.

ఆ రాత్రి ఊరికి ఫోన్ చేసినప్పుడు నాన్నతో అన్నాను. మాది కోనసీమ. మా చిన్నప్పుడు వడ్లు, కొబ్బరికాయలు ఎద్దుబండి మీదే వెళ్ళేవి. పడవ, హైవే, మైళ్ళు ఇవన్నీ నాన్నకి పెద్దగా పట్టలేదు. మొత్తం విని ఒక్క ప్రశ్న వేశాడు. "నొగ తేలుతోందేమో చూశావా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నవ్వొచ్చింది. టంగ్ వెయిట్, హిచ్ వెయిట్ అని ఇక్కడ పేజీలకి పేజీలు రాసేదాన్ని మా నాన్న రెండు మాటల్లో అనేశాడు. బండికి ఇరుసు వెనక బరువెక్కువైతే నొగ పైకి లేస్తుంది, కాడి ఎద్దుల మెడలకి ఉరి బిగిస్తుంది. ముందు ఎక్కువైతే కాడి మెడలు నొక్కేసి ఎద్దులు కూలబడతాయి. అందుకే బండి కట్టేవాడు సగం బస్తాలు వేశాక కిందికి దిగి, నొగ చేత్తో పట్టుకుని ఎంత బరువుందో చూసి, మిగతావి ఎటు వెయ్యాలో చెప్పేవాడు. మిట్ట ఎక్కేటప్పుడు తోలేవాడు ముందుకి జరిగి కూర్చునేదీ ఇందుకే. ఎద్దులు నడిచే స్పీడులో బండి తోక ఆడించదు, అదొక్కటే తేడా. అరవై మైళ్ళలో ఆడిస్తుంది. ఇక్కడి నించి నేను దాన్ని నొగ బరువనే అంటాను.

మామూలు ట్రైలర్లకి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం నొగ మీద పడాలంటారు. పడవ ట్రైలర్లకి 5 నుంచి 10 చాలనే తయారీదార్లు కొందరున్నారు. మీ ట్రైలర్ మాన్యువల్ ఏమంటే అదే మాట. నేను నాకోసం ఎనిమిది దగ్గర పెట్టుకున్నాను. ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, నాది ఎంతుంది?

తెలుసుకోవడానికి స్కేలే కొనక్కర్లేదు, ఆ సంగతి ముందే చెప్పాలి. నేను మొదట పెద్దగా డబ్బు ఖర్చు కాని దారులు రెండు ప్రయత్నించాను.

ఒకటి, హైవే పక్క ట్రక్ స్టాపుల్లో లారీలని తూచే కాటా, క్యాట్ స్కేలు అంటారు. కారుకి పడవ తగిలించి ఒకసారి, కారు ఒక్కటే ఇంకోసారి తూచాలి. కారు చక్రాల మీద పెరిగిన బరువే నొగ బరువు. ట్రైలర్ ఇరుసు మీద ఎంతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. నాది 2400 పౌండ్లని టికెట్ మీద వచ్చింది. కానీ ఆ కాటా 20 పౌండ్ల మెట్లలో చెబుతుంది. రెండు తూకాల్లోనూ అటూ ఇటూ కొంత పోతుంది, మధ్యలో కారులోంచి ఒక పిల్లాడు దిగితే ఇంకా పోతుంది. ఆరు టన్నుల ట్రైలర్‌కి అది లెక్కలోకి రాదు. వంద పౌండ్ల నొగకి ఆ తేడానే సగం కథ. నాకు ఒకసారి 80, ఇంకోసారి 120 వచ్చింది. ఏది నమ్మాలి?

రెండోది, బాత్రూమ్ స్కేలు. నొగని నేరుగా దాని మీద పెట్టకూడదు, పగులుతుంది. ఒక గట్టి దుంగ తీసుకుని ఒక కొస ఇటుక మీద, ఇంకో కొస స్కేలు మీద ఆనించాలి. ఇటుకకి ఒక అడుగు దూరంలో, స్కేలుకి రెండడుగుల దూరంలో కప్లర్, అంటే కారుకి తగిలించే నొగ కొస, దించాలి. స్కేలు చూపించిన దాన్ని మూడుతో గుణిస్తే అసలు బరువు. లెక్క భేషుగ్గా ఉంది. కానీ మా ఇంట్లో ఉన్నది డిజిటల్ స్కేలు. దుంగ బరువు చూసి సున్నా చేసుకునేలోపే ఆరిపోతుంది. మళ్ళీ వెలిగిస్తే పైన ఉన్నదాన్నే సున్నా అనుకుంటుంది. జాక్ తిప్పుతూ నేను, స్కేలు ముందు బోర్లా పడుకుని మా ఆవిడ. "ముప్పై... ఆరిపోయింది. ఇరవై ఎనిమిది... ఎర్రర్." నాలుగోసారికి ఆవిడ లేచి, తన స్కేలు తను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మీ దగ్గర ముల్లు తిరిగే పాత స్కేలుంటే ఇది వంద శాతం పనిచేస్తుంది, ఈ రివ్యూ ఇక్కడితో ఆపేసి డబ్బు మిగుల్చుకోవచ్చు.

లేనివాళ్ళకి ఈ ఇనుప దిమ్మ. లోపల నూనె, పైన పిస్టన్. బరువు పిస్టన్‌ని నొక్కితే నూనె మీద పడిన ఒత్తిడి డయల్ మీద పౌండ్లలో కనిపిస్తుంది. బ్యాటరీ లేదు, ఆరిపోవడం లేదు. పిస్టన్ పైన చిన్న గుంట ఉంది. అందులో మన ఎత్తుకి సరిపడా పైపు ముక్క నిలబెట్టి దాని మీదికి కప్లర్ దించాలి. పైపు పెట్టెలో రాదు. ఈ సంగతి పెట్టె మీద చిన్నక్షరాల్లో ఉంది, నేను పెద్దక్షరాలే చదువుతాను. హోమ్ డిపోకి ఇంకో ట్రిప్పు పడింది.

పైపు ఎంత పొడుగు కొయ్యాలనేది ముఖ్యం. కారుకి తగిలించినప్పుడు కప్లర్ నేలకి ఎంత ఎత్తులో ఉంటుందో, తూచేటప్పుడూ అంతే ఎత్తులో ఉండాలి. ముందు వైపు ఎత్తి పెట్టి తూస్తే బరువు వెనక్కి వాలి ముల్లు తక్కువ చూపిస్తుంది, దించి తూస్తే ఎక్కువ. నాకు 17 అంగుళాలు. నేల కూడా చదునుగా ఉండాలి. మా డ్రైవ్‌వే వాలు, అందుకని ఎదురుగా రోడ్డు మీదే తూచాను. పక్కింటి పెద్దాయన, రిటైరైన ట్రక్ డ్రైవర్, కాఫీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు. చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టావా అని అడిగాడు. పెట్టలేదు. పెట్టాక కూడా కప్లర్ కింద చెయ్యి పెట్టకు, మోకాలు పెట్టకు, అని రెండుసార్లు చెప్పి గానీ కాఫీ తాగలేదు. మీకూ అదే చెబుతున్నాను.

జాక్ నెమ్మదిగా దించుతుంటే ముల్లు కదిలింది. కప్లర్ బరువంతా పైపు మీదికి వచ్చి, జాక్ చక్రం నేల వదిలాక ముల్లు వంద దగ్గర ఆగింది. ఇక్కడే నేను పైన చెప్పిన తేడా. నా స్కేలు ఖాళీగా ఉన్నప్పుడే ముల్లు 10 దగ్గరుంటుంది, సున్నాకి రాదు. అమ్మినవాళ్ళకి ఫోటో పంపిస్తే, వచ్చినదాంట్లోంచి పది తీసేసుకోండి అని జవాబిచ్చారు. అలాగే తీసేస్తున్నాను గానీ, కొత్త వస్తువు కొన్న మనిషి వినాలనుకునే జవాబు అది కాదు. అంటే నా నొగ బరువు 90 పౌండ్లు. కిలోల్లో నలభై ఒకటి.

ముల్లు సున్నాలోనే అబద్ధం చెబుతోందంటే పైన నిజం చెబుతోందని ఏమిటి నమ్మకం? అందుకని ఒక పరీక్ష పెట్టాను. ఇండియన్ స్టోర్‌లో సోనా మసూరి 20 పౌండ్ల బస్తాలు ఆ వారం సేల్‌లో ఉన్నాయి. అయిదు తెచ్చాను. నొగ మీద, సరిగ్గా కప్లర్‌కి పైన, ఒక చెక్క పరిచి ఒక్కో బస్తా పేర్చి తాడుతో కట్టాను. ఒక్కో బస్తాకీ ముల్లు ఒక్కో గీత ఎక్కాలి, ఎందుకంటే ఈ డయల్ మీద 20 పౌండ్లకో గీత ఉంది. ఎక్కింది. అయిదో బస్తా పడేసరికి 200 గీత మీద వెంట్రుకవాసి ముందుకొచ్చి ఆగింది. సంచి బరువు కూడా కలిపితే అది సబబే. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "బియ్యం తెచ్చింది ఇంట్లోకా, పడవకా?" అంది. రోడ్డు మీద వెళ్తున్న కార్లు కాస్త మెల్లగా వెళ్ళాయి. కానీ ఆ పది నిమిషాల తర్వాత ఈ స్కేలు మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది. పది తీసేసుకుంటే చాలు, మిగతాది నిజమే చెబుతుంది.

ఇప్పుడు లెక్క. ఇరుసు మీద 2400, నొగ మీద 90, మొత్తం 2490. నొగ వాటా మూడున్నర శాతం పైచిలుకు. టెక్సోమా వెళ్ళిన రోజు వెనక వేసిన సామాను సుమారు 150 పౌండ్లు, ఇరుసుకి మూడడుగులు వెనక. ఇరుసు నించి కప్లర్ దాకా పదహారడుగులు. 150ని మూడుతో గుణించి పదహారుతో భాగిస్తే 28. అంటే ఆ రోజు నొగ మీద అరవై చిల్లరే ఉంది, మొత్తం మీద రెండుంపావు శాతం. కారుని పట్టుకుని లేదు, కారుకి వేలాడుతోంది. ఎత్తి చూపించి మురిసిపోయింది దీన్నే.

ఈ చిన్న లెక్కే ఈ స్కేలు నాకు నేర్పిన పెద్ద చదువు. ఏ వస్తువైనా ఇరుసుకి ఎంత ముందుంది, ఎంత వెనకుంది అన్నది దాని బరువంత ముఖ్యం. వస్తువుని జరిపిన దూరాన్ని దాని బరువుతో గుణించు, ఇరుసు నించి కప్లర్ దాకా ఉన్న దూరంతో భాగించు. జరిపే ముందే ముల్లు ఎక్కడ ఆగుతుందో చెప్పేయొచ్చు. మా పెద్దాడు ఎనిమిదో క్లాసు. వాడికి ఫిజిక్స్‌లో మొమెంట్ అంటే ఏమిటో పుస్తకం కన్నా ముందు ఆ రోడ్డు మీదే అర్థమైంది.

నొగ బరువు పెంచడానికి మొదట చూసింది విన్చ్, అంటే పడవని పట్టీతో ట్రైలర్ మీదికి లాగే చక్రం. నీళ్ళలోకి దిగే వాలు దారి, ర్యాంపు మీంచి పడవని పైకి లాగాక అది వెనక్కి రెండంగుళాలు జారి కూర్చుంటుంది. అప్పుడు మళ్ళీ బిగించి మూతిని ముందున్న రబ్బరు దిమ్మకి ఆనించాలి. నేను ఎప్పుడూ బిగించలేదు. పడవ ఒక్కటే 1800 పౌండ్లు, రెండంగుళాలు ముందుకొస్తే నొగ మీద దాదాపు 19 పెరగాలి. పట్టీ వదులు చేసి, మళ్ళీ నీళ్ళలోకి దింపి, మూతి ఆనించి లాగాను. ఇంటికొచ్చి తూస్తే, పది తీసేశాక, 110.

తర్వాత బ్యాటరీలు. ముందు వైపు ఉండే చిన్న ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారుకి రెండు బ్యాటరీలుంటాయి, ఒక్కోటి 60 పౌండ్లు. నాకు అమ్మినాయన ఆ రెంటినీ పడవ వెనక, పెద్ద మోటారు పక్కన పెట్టాడు. దానికి తోడు పాత టూ స్ట్రోక్ మోటారు తీసేసి, బరువెక్కువున్న ఫోర్ స్ట్రోక్ బిగించాడట. ట్రైలర్ మాత్రం పాత మోటారుకి సర్దిన ట్రైలరే. పాత పడవ కొనేవాళ్ళు మోటారు మార్చారా అని తప్పకుండా అడగండి. ఇంజను గంటలు అడుగుతాం, పెయింట్ చూస్తాం, ఇది ఎవరమూ అడగం.

రెండు బ్యాటరీలనీ ముందు డెక్ కింద పెట్టెలోకి మార్చాను. వెనక నాలుగడుగుల నించి ముందు ఎనిమిదడుగులకి, మొత్తం పన్నెండడుగులు. కాగితం మీద 90 పౌండ్లు పెరగాలి. ఆ సాయంత్రం జాక్ దించుతుంటే ఇంట్లోవాళ్ళందరూ వచ్చి నిలబడ్డారు, లాటరీ తీస్తున్నట్టు. ముల్లు వణుకుతూ ఎక్కి, పది తీసేస్తే, 195కీ 200కీ మధ్య ఆగింది. ఎనిమిది శాతం. నేను ఎగిరి గెంతితే పక్కింటి పెద్దాయన బొటనవేలు చూపించి లోపలికి వెళ్ళిపోయాడు.

బ్యాటరీలు మార్చడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ట్రోలింగ్ మోటారుకి కేబుల్ పొడుగు తగ్గింది. నష్టం, ముందు పెట్టెలో లైఫ్ జాకెట్లు పెట్టుకునే చోటు పోయింది. బ్యాటరీలు కదలకుండా పట్టీలు బిగించడానికి ఒక ఆదివారం పోయింది. ఇవేవీ కుదరకపోతే ఇరుసుని పట్టుకున్న యూ బోల్టులు వదులు చేసి ఇరుసునే వెనక్కి జరపొచ్చని పెద్దాయన చెప్పాడు. నా బరువులకి అంగుళానికి 13 పౌండ్ల చొప్పున పెరుగుతుంది. నాకు ఆ అవసరం రాలేదు, వచ్చినా షాపులోనే చేయించేవాణ్ణి.

నీళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. పట్టిన చేపలు బతికుండే లైవ్‌వెల్ తొట్టి కూడా వెనకే ఉంటుంది. నాది పదిహేను గ్యాలన్లు, నిండితే 125 పౌండ్లు. అది ఖాళీ చెయ్యకుండా రోడ్డెక్కితే నొగ మీంచి ఇరవై చిల్లర పోయినట్టే. టెక్సస్‌లో ఎలాగూ ఒప్పుకోరు. టెక్సోమాలో 2009లో జీబ్రా మసల్స్ అనే చిన్న ఆల్చిప్పలు బయటపడ్డాయి, అవి నీళ్ళతో పాటు ఒక చెరువు నించి ఇంకో చెరువుకి పాకుతాయి. 2014 నించి రాష్ట్రమంతటా లేక్ దగ్గరే పడవలో నీళ్ళన్నీ వంపేసి కదలాలి. చట్టానికి భయపడి చేసినా, నొగకి మంచిదే.

నొగ బరువు తగ్గితేనే కష్టం అనుకోకండి. మెకిన్నీలో ఉన్న ఒక మిత్రుడు నా కథ విని స్కేలు అడిగి పట్టుకెళ్ళాడు. ఆయన లాగేది మినీవ్యాన్. నొగ బరువు 350 దాటకూడదని హిచ్ మీద, అంటే వ్యాను వెనక ట్రైలర్ తగిలించే చోట, స్టిక్కర్ ఉంది. తూస్తే 410. ట్రైలర్ ఊగుతుందని ఎవరో భయపెడితే టూల్‌బాక్సు, స్పేర్ టైరు, కూలర్లు రెండు, అన్నీ పడవ మూతిలో పేర్చాడు. వ్యాను వెనక కుంగి, రాత్రి లైట్లు చెట్ల కొమ్మల్ని చూపించేవి. అంతకన్నా తమాషా, వ్యానుకి లాగే చక్రాలు ముందువి. వెనక అంత బరువు వేలాడితే ముందు చక్రాలు తేలికవుతాయి. పాచి పట్టిన బోట్ ర్యాంపు మీద అవి ఉన్నచోటే తిరుగుతూ పొగ పెట్టేవట. టైర్లు అరిగాయని కొత్తవి వేయించాడు పాపం. కూలర్లు రెండూ తీసి వ్యానులో వేసి, స్పేర్ టైరు ఇరుసు దగ్గరికి మారిస్తే 310కి వచ్చింది. ర్యాంపు మీద ఇప్పుడు ఒక్క ఊపులో ఎక్కుతున్నాడు.

స్కేలు మీద నా ఫిర్యాదులు మిగిలినవి రాసేస్తాను. డయల్ కింద వైపుకి తిరిగి ఉంటుంది, చదవాలంటే నేల మీద చెంప ఆనించాలి. నేను ఫోన్ కెమెరా ఆన్ చేసి పక్కన ఆనించి చూస్తున్నాను. ఇరవైకో గీత కాబట్టి మధ్యలో ఎంతో మన ఊహే, అయిదు పౌండ్లు అటూ ఇటూ. జాక్ దించేటప్పుడు పైపు కొంచెం వాలినా ముల్లు తప్పు చూపిస్తుంది, మళ్ళీ ఎత్తి సర్దాలి. మాన్యువల్ ఒక్క కాగితం. అందులో జాక్ కింద స్కేలు పెట్టి కూడా తూచొచ్చని ఉంది గానీ, అలా చేస్తే అంకె ఎక్కువొస్తుందన్న ముక్క లేదు. నా జాక్ కప్లర్‌కి రెండడుగులు వెనక, అంటే ఇరుసుకి పద్నాలుగడుగుల్లో ఉంది. అక్కడ 160 చూపిస్తే కప్లర్ దగ్గర అసలున్నది 140. వాళ్ళు ఒక వాక్యం రాసి ఉంటే సరిపోయేది.

ఇందులోనే 2000 పౌండ్ల దాకా చూపించే మోడల్ కూడా ఉంది, ధర పెద్ద తేడా లేదు. పెద్దది కొంటే ఎప్పటికైనా పనికొస్తుందని మనవాళ్ళకో ఆశ ఉంటుంది. వద్దు. డయల్ మీద పై అంకె పెరిగేకొద్దీ కింద అంకెలు ఇరుక్కుపోతాయి, వంద దగ్గర ముల్లు ఎక్కడుందో తెలియదు. ఇరవై అడుగుల లోపు పడవకి నా దానిలాగా 1000 పౌండ్లది చాలు. తూకం లోపలే ఉండే బాల్ మౌంట్లు (కారు వెనక కప్లర్ కూర్చునే గుండు ఉన్న కమ్మీలు) కూడా దొరుకుతాయి, తగిలించగానే అంకె కనిపిస్తుంది. సౌకర్యంగానే ఉంటుంది గానీ ధర ఎక్కువ. ప్రతివారం వేరువేరు ట్రైలర్లు లాగేవాళ్ళకి అది నయం. నాలాంటివాడికి ఏడాదికి నాలుగుసార్లకి మించి తూచే పని లేదు. సీజన్ మొదట్లో ఒకసారి, సామాను సర్దడం మారినప్పుడల్లా ఒకసారి.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ పది దగ్గర ఆగే ముల్లుకీ, ఆ ఒక్క కాగితం మాన్యువల్‌కీ కలిపి ఒకటి కోత. పడవలున్న మన కుటుంబాలు నాలుగు కలిసి ఒకటి కొనుక్కుంటే మనిషికి ఒక సినిమా ఖర్చు కూడా పడదు. నాది ఈ ఏడాదిలో అయిదు ఇళ్ళు తిరిగింది.

టెక్సోమాకి జూన్‌లో మళ్ళీ వెళ్ళాం. టైర్లలో గాలి సరిచూసుకుని, కూలరు, నీళ్ళ కేసులు కారులో వేసుకుని. అదే పల్లం దగ్గర అలాంటి ట్రక్కే ఇంకోటి దాటింది. నేను స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. కారు కొంచెం జరిగి సర్దుకుంది, అద్దంలో పడవ మూతి కదల్లేదు. మా ఆవిడ అప్పటికే ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. నాన్నకి చెబితే, "నొగ ఎంతకి తెచ్చావు?" అన్నాడు. రెండొందల పౌండ్లు, తొంభై కిలోలన్నాను. "ఎద్దులు మంచివేనా?" అన్నాడు.